కుక్క ఎందుకంతలా గోక్కుంటుంది? చర్మం వాపు, దురద, ఎలర్జీల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

విజయనగరంలో చిన్న క్లినిక్ నడుపుతున్నాను. నెల్లిమర్ల, గరివిడి, చీపురుపల్లి నుంచి, ఒక్కోసారి రణస్థలం నుంచి కూడా కుక్కల్ని తీసుకొస్తారు. జ్వరం, వాంతులు, కుంటడం కంటే నేను ఎక్కువగా వినే మాట "గోకేస్తోందండి". ఆ మాట చెప్పేవాళ్ళ కళ్ళు నిద్రలేక ఎర్రగా ఉంటాయి. రాత్రంతా కుక్క మంచం పక్కన గోక్కుంటుంటే ఎవరికి నిద్ర పడుతుంది? ఇక్కడ రాసినవి వాళ్ళు నన్ను అడిగిన ప్రశ్నలే. మందుల మోతాదులు మాత్రం రాయలేదు. కుక్క బరువు, వయసు, మిగతా జబ్బులు చూడకుండా అవి చెప్పకూడదు.

మా కుక్కకి గజ్జి పట్టిందంటున్నారు. నిజమేనా?

మన వైపు కుక్క వెంట్రుకలు ఊడితే చాలు, గజ్జి అనేస్తారు. అసలు గజ్జి అంటే సార్కోప్టిస్ అనే కంటికి కనిపించని పురుగు చర్మంలో సొరంగాలు చేసుకుని ఉండటం. చెవి అంచులు, మోచేతులు పొక్కు కడతాయి. చెవి అంచుని వేళ్ళతో నలిపితే చాలాసార్లు వెనక కాలు దానంతట అదే గోకడానికి లేస్తుంది. అలా లేస్తే గజ్జిని గట్టిగా అనుమానిస్తాను.

ఎలర్జీ దురద తీరు వేరు. ముందరి పాదాలు నాకుతుంది, చెవి లోపలి వైపు ఎర్రగా ఉంటుంది, చంకలు, పొట్ట, మూతి చుట్టూ దురద. చెవి అంచులూ నడుమూ బాగానే ఉంటాయి. ఎక్కువ కుక్కల్లో ఇది ఆరు నెలల వయసు దాటాక, మూడేళ్ళు నిండేలోపు మొదలవుతుంది. మొదట్లో చర్మం మీద ఏమీ కనిపించదు, దురద ఒక్కటే. పుండ్లు తరువాత గోకడం వల్ల వస్తాయి. "ముందు దురదా, ముందు పుండా?" అని నేను గుచ్చి గుచ్చి అడిగేది అందుకే.

దీన్ని అటోపిక్ డెర్మటైటిస్, క్లుప్తంగా అటోపీ, అంటారు. కింద రాసినదంతా ఎక్కువగా దీని గురించే.

రోగనిరోధక శక్తి మంచిదే కదా? అదే చర్మాన్ని ఎందుకు పాడు చేస్తుంది?

తాటాకిల్లు గుర్తు తెచ్చుకోండి. ఆకు మీద ఆకు దట్టంగా పరిచి, బిగించి కడితే ఎంత వానైనా లోపలికి చుక్క రాదు. ఆకులు చివికినా, కట్లు వదులైనా నాలుగు చోట్ల కారుతుంది. చర్మం పై పొర కూడా అలాంటి కప్పే. చదునైన కణాలు ఒకదాని మీద ఒకటి పరిచి ఉంటాయి, వాటి మధ్య సెరమైడ్ల వంటి కొవ్వు పదార్థాలు సందులు మూస్తాయి. ఎలర్జీ ఉన్న చాలా కుక్కల్లో ఈ కొవ్వు తక్కువగా ఉంటుంది. లోపలి తడి బయటికి పోతుంది, బయటి దుమ్ము పురుగుల మలం, పుప్పొడి, బూజు లోపలికి దిగుతాయి.

అలా దిగినవాటిని చర్మంలో కాపలా ఉండే లాంగర్‌హాన్స్ కణాలు పట్టుకుని దగ్గరి లింఫ్ గ్రంథికి మోసుకుపోతాయి. అక్కడ టీ కణాలకు, అంటే శత్రువెవరో తేల్చే ఒక రకం తెల్ల రక్తకణాలకు, చూపిస్తాయి. ఆరోగ్యంగా ఉన్న కుక్కలో టీ కణం చూసి ఊరుకుంటుంది. ఎలర్జీ గుణం ఉన్న కుక్కలో అదే దుమ్ముని శత్రువుగా రాసుకుంటుంది. సామాన్యంగా ఏలికపాముల్లాంటి పరాన్నజీవుల మీదికి పంపాల్సిన రెండో రకం సహాయక టీ కణాలని ఇంటి దుమ్ము మీదికి తోలుతుంది. శక్తి తక్కువై కాదు, గురి తప్పి వచ్చే జబ్బు ఇది.

"ఇమ్యూన్ సిగ్నల్స్" అంటే ఏమిటి? దురద ఎక్కడ పుడుతుంది?

కణాలకు నోరు లేదు. ఒకదానితో ఒకటి మాట్లాడుకోవాలంటే చిన్న చిన్న ప్రొటీన్లు వదులుతాయి. వాటిని సైటోకైన్లు అంటారు, నేను కబుర్లు అంటాను. కబురు గాలిలో పోయేది కాదు. దాన్ని అందుకునే గ్రాహకం ఏ కణం మీద ఉంటే ఆ కణానికే అది చేరుతుంది.

మొదటి కబురు చర్మమే పంపుతుంది. గోటి గీత పడినా, పై పొర చిట్లినా చర్మ కణాలు టీఎస్‌ఎల్‌పీ, ఇంటర్‌ల్యూకిన్-33 అనే వాటిని వదులుతాయి. "ఇక్కడ దెబ్బ తగిలింది, రండి" అని దాని అర్థం. ఆ పిలుపుకి వచ్చిన టీ కణాలు తమ వంతు కబుర్లు మొదలుపెడతాయి. ఇంటర్‌ల్యూకిన్-4, 13 వెళ్ళి బీ కణాలతో (ఇవీ తెల్ల రక్తకణాలే) ఐజీఈ యాంటీబాడీలు, అంటే పరాయివాటిని గుర్తుపట్టి అంటుకునే ప్రొటీన్లు, తయారు చేయిస్తాయి, చర్మం కప్పుని ఇంకా పలచన చేస్తాయి. ఇంటర్‌ల్యూకిన్-5 ఇసినోఫిల్ కణాలను పిలుస్తుంది. ఐజీఈలు చర్మంలో ఉండే మాస్ట్ కణాల మీద ఎక్కి కూర్చుంటాయి. ఈసారి దుమ్ము తగలగానే మాస్ట్ కణం పగిలినట్టుగా తన సరుకంతా కుమ్మరిస్తుంది. అందులో దురద, వాపు తెప్పించే హిస్టమిన్ ఒకటి.

నాకు అన్నిటికంటే ముఖ్యమైనది ఇంటర్‌ల్యూకిన్-31. ఎందుకంటే ఇది నేరుగా నరంతో మాట్లాడుతుంది. చర్మంలోని సన్నని నరాల మీద దీనికి గ్రాహకం ఉంది. అది అంటుకోగానే నరం లోపల జానస్ కైనేజ్ అనే ఎంజైములు, క్లుప్తంగా జాక్ అంటారు, పని మొదలుపెడతాయి. నరం స్పందిస్తుంది, కబురు వెన్నుపాము మీదుగా మెదడుకి పోతుంది, కాలు లేస్తుంది. 2004లో ఈ ప్రొటీన్‌ని మొదటిసారి వర్ణించారు. కుక్కల్లో దీని పని మీద 2013లో వచ్చిన పరిశోధనలో, ఆరోగ్యంగా ఉన్న బీగిల్ కుక్కలకు దీన్ని ఎక్కిస్తే గోక్కోవడం, నాకడం మొదలుపెట్టాయి. సహజంగా ఎలర్జీ వచ్చిన కుక్కల్లో సగానికి పైగా వాటి రక్తంలో ఇది దొరికింది.

కుక్క గోకగానే చర్మం మళ్ళీ చిట్లుతుంది. చిట్లిన చర్మం మళ్ళీ మొదటి కబురు పంపుతుంది. గోకడమే గోకుడుని పెంచుతుంది. అందుకే కుక్క మీద అరవకండి. "ఆగు, గోక్కోకు" అంటే ఆగడం దాని చేతిలో లేదు.

ఏళ్ళ తరబడి ఇలా సాగితే మరో రకం టీ కణాలు కూడా వచ్చి చేరతాయి. చర్మం ఏనుగు తోలులా మందంగా, నల్లగా, ముడతలు పడిపోతుంది. ఆ దశలో తీసుకొచ్చినవాళ్ళకి నెలలు పడుతుందని ముందే చెబుతాను.

ఇంట్లో సిట్రిజిన్ ఉంది. వెయ్యొచ్చా?

పెద్దగా ఉపయోగం ఉండదు. సిట్రిజిన్ ఆపేది హిస్టమిన్‌ని. కుక్క ఎలర్జీలో దురదకి హిస్టమిన్ ఒక్కటే కారణం కాదని పైన చూశారు కదా. అసలు ప్రమాదం జలుబు మాత్రలతో. సిట్రిజిన్‌తో పాటు సూడోఎఫెడ్రిన్ కలిసినవి కుక్కకి విషం. పారాసెటమాల్, ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ కూడా వద్దు.

"ఏటండీ ఇన్ని ప్రశ్నలు, ఓ సూది ఇచ్చీండి, పోయినసారి తగ్గిపోనాది కదా!"

ఈ మాట వారానికి రెండు మూడుసార్లు వింటాను. అడిగేవాళ్ళ తప్పు లేదు. స్టెరాయిడ్ సూది పడితే మరుసటి రోజుకే కుక్క హాయిగా పడుకుంటుంది. ఎందుకంటే స్టెరాయిడ్ ఒక కబురుని కాదు, దాదాపు అన్ని కబుర్లనీ ఒకేసారి ఆపేస్తుంది. ఊళ్ళో ఒక ఇంట్లో గొడవైతే ఊరంతటికీ కరెంటు తీసేసినట్టు. గొడవ ఆగుతుంది, ఆసుపత్రిలో దీపం కూడా ఆరిపోతుంది.

స్టెరాయిడ్‌ని చెడ్డమందు అనను. చర్మం మంటెత్తి, చెవి రంధ్రం వాచి మూసుకుపోయినప్పుడు నాలుగైదు రోజుల ప్రెడ్నిసొలోన్ మాత్రలు మహా మేలు చేస్తాయి. మాత్ర అయితే తగ్గించుకుంటూ రావచ్చు, ఇబ్బంది వస్తే ఆపవచ్చు. నెల రోజులు ఒంట్లో ఉండే డిపో సూదిని వెనక్కి తీయలేం. నెలకొకటి చొప్పున ఏడాది పొడుగునా పొడిపించుకున్న లాబ్రడార్ ఒకటి నా దగ్గరికి వచ్చింది. పొట్ట కుండలా, కాళ్ళు పుల్లల్లా, చర్మం కాగితంలా ఉంది. బకెట్లు బకెట్లు నీళ్ళు తాగి ఇల్లంతా తడుపుతోందని దాన్ని పెరట్లో కట్టేశారు. ఆ దాహం స్టెరాయిడ్ వల్లేనని వాళ్ళకి ఎవరూ చెప్పలేదు. ఆ రోజు నేను ఇంటికి వెళ్ళాక అన్నం సరిగా తినలేకపోయాను. అలా చాలాకాలం వాడినదాన్ని ఒక్కసారిగా ఆపినా ప్రమాదమే, మెల్లగా దించాలి.

ఇంకో మాట. డెమోడెక్స్ పురుగు ఉన్న కుక్కకి స్టెరాయిడ్ పడితే ఆ పురుగు విపరీతంగా పెరుగుతుంది. అందుకే ముందు చర్మం గీకి మైక్రోస్కోపు కింద చూడనివ్వండి. పది నిమిషాల పని.

కొత్త మందులు వచ్చాయంటున్నారు. అవేమిటి?

ఒక్కో కబురుని విడిగా ఆపే మందులు. ఒక్లాసిటినిబ్ అనే మాత్రకి 2013లో అమెరికాలో అనుమతి వచ్చింది. ఇది కణం లోపలి జాక్ ఎంజైముని, ముఖ్యంగా జాక్-1ని ఆపుతుంది. ఇంటర్‌ల్యూకిన్-31 కబురు నరాన్ని తాకినా లోపలికి పోదు. ఒక రోజులోపే దురద తగ్గడం చూస్తాం. ఏడాది నిండని కూనలకు, తీవ్రమైన ఇన్ఫెక్షన్ ఉన్నవాటికి ఇది వాడం. ఇదే తరహాలో 2024లో ఇలునోసిటినిబ్ అనే మరో మాత్రకి అక్కడ అనుమతి ఇచ్చారు. దానితో టీకాల విషయంలో గట్టి హెచ్చరిక పెట్టారు, టీకాకి ముందూ తరువాతా మందు ఆపాలి. కాబట్టి కుక్క ఏ మాత్ర మీద ఉందో టీకా వేసే డాక్టరుకి తప్పకుండా చెప్పండి.

లోకివెట్‌మాబ్ అనేది చర్మం కింద ఇచ్చే ఇంజెక్షన్. ఇది మందు అనడం కంటే యాంటీబాడీ అనాలి. ఇంటర్‌ల్యూకిన్-31ని దారిలోనే పట్టుకుని నరం దాకా పోనివ్వదు. సుమారు నెల రోజులు పనిచేస్తుంది. 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉంచాలి. మండే ఎండలో బస్సు మీద తెప్పించుకునేవాళ్ళు ఐసు డబ్బా సంగతి ముందే మాట్లాడుకోండి.

సైక్లోస్పోరిన్ పాతదే, ధర తక్కువేం కాదు, పని చూపడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఓపిక ఉంటే మంచి మందు.

వీటిలో ఏదీ ఎలర్జీని వేరుతో సహా తీసేయదు. ఫ్లీలు (ఒంటి మీద గెంతే చిన్న పురుగులు), ఇన్ఫెక్షన్ అలాగే ఉంచి ఇవి వేస్తే డబ్బు దండగ.

ఇమ్యూనిటీ పెంచే టానిక్ ఏదైనా చెప్పండి.

వద్దండి. ఇక్కడ నిరోధక శక్తి అతిగా పనిచేస్తోంది. చేపనూనెలోని ఒమేగా-3 కొవ్వులు కొంత మేలు చేస్తాయి, రెండు మూడు నెలలు వాడితే గాని తెలియదు. తీరం ఊళ్ళలో చేపనూనె బదులు ఎండుచేపలు పెడుతుంటారు. వాటిలో ఉప్పు చాలా ఎక్కువ, అది పరిష్కారం కాదు.

వానాకాలం వస్తే ఎక్కువైపోతోంది. ఎందుకు?

మనది తడి గాలి. కళింగపట్నం, భావనపాడు వైపు ఇళ్ళలో గోడలు కూడా చెమరుస్తాయి. ఇంటి దుమ్ములో ఉండే మైట్ అనే పురుగు నీళ్ళు తాగదు, గాలిలోని తేమనే పీల్చుకుని బతుకుతుంది. కాబట్టి వానాకాలంలో పరుపులు, గోనెసంచులు, సోఫాలు దానికి పండగ. బూజూ అంతే. తడి కాళ్ళ సందుల్లో మలసేజియా అనే ఈస్ట్ పెరిగి పుల్లటి కంపు కొడుతుంది.

చాలామంది కుక్కకి పాత గోనెసంచి వేస్తారు. దాని బదులు ఉతకగలిగే నూలు దుప్పటి వెయ్యండి, వారానికోసారి బాగా వేడి నీళ్ళలో ఉతికి ఎండలో ఆరేయండి. 60 డిగ్రీల వేడికి మైట్లు చస్తాయి.

గడ్డి పూత కాలంలోనే దురద వచ్చి, తరువాత తగ్గే కుక్కలూ ఉన్నాయి. ఖాళీ స్థలాల్లో పెరిగే వయ్యారిభామలో పొర్లి వచ్చాక పొట్ట ఎర్రబడితే అటు పోనివ్వకండి, వచ్చిన వెంటనే పొట్ట, పాదాలు తడిగుడ్డతో తుడిచి ఆరబెట్టండి. నూర్పుల రోజుల్లో కళ్ళం దగ్గర కట్టేసిన కుక్కలకీ ఇదే చెబుతాను.

చికెన్ మానేస్తే తగ్గుతుందా?

కొన్నింటికి తగ్గుతుంది. కుక్కల్లో ఎక్కువగా ఎలర్జీ తెప్పించేవి గొడ్డుమాంసం, పాలపదార్థాలు, కోడిమాంసం, గోధుమ. మన ఇళ్ళలో పెరుగన్నం, చికెన్ స్కిన్, బిస్కెట్లు, మూడూ కలిపి పెడతాం, ఇక దేనివల్లో ఎలా తెలుస్తుంది?

తెలుసుకునే దారి ఒక్కటే. కుక్క పుట్టిన దగ్గర నుంచి ఎప్పుడూ తినని ఒక ప్రొటీన్, ఒక పిండిపదార్థం మాత్రమే ఎనిమిది వారాలు పెట్టాలి. ఎప్పుడూ చేప తినని కుక్కకి ఉడికించిన చేప, చిలగడదుంప. ముళ్ళు తీసి, ఉప్పూ కారం లేకుండా. ఎనిమిది వారాలూ మరేదీ వద్దు. ఇంట్లో అమ్మమ్మగారు జాలిపడి ఒక బిస్కెట్ పెడితే లెక్క మళ్ళీ మొదటికి వస్తుంది. ఈ పరీక్ష చెడిపోయేది ఎక్కువగా ప్రేమ వల్లే. కాబట్టి మొదలుపెట్టే రోజు ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి చెప్పండి. దురద తగ్గితే పాత తిండి మళ్ళీ పెట్టి చూడాలి. దురద తిరిగి వస్తేనే ఆ తిండిది తప్పని రుజువు. కూనలకీ, చూడి కుక్కలకీ ఇలాంటి తిండి డాక్టరుని అడగకుండా పెట్టవద్దు.

వెంట్రుకలో లాలాజలమో పంపితే తిండి ఎలర్జీ చెబుతామనే పరీక్షలు నమ్మదగ్గవి కావు.

పిడుదులు ఒకటో రెండో ఉన్నాయి, అంతే. వాటి వల్ల ఇంత దురదా?

పిడుదుల కంటే గెంతే చిన్న పురుగులు, ఫ్లీలు, ఈ విషయంలో పెద్ద దొంగలు. వాటి ఉమ్మికి ఎలర్జీ ఉన్న కుక్కని కొన్ని కుడితే చాలు, రోజుల తరబడి దురద. నడుము వెనక, తోక మొదట్లో వెంట్రుకలు కొరికేసుకుంటుంది. పురుగు కనిపించకపోవచ్చు. తడిపిన తెల్ల కాగితం మీద కుక్కని దువ్వండి. రాలిన నల్ల నలక చుట్టూ ఎర్రగా పాకితే అది ఫ్లీ మలం, అంటే కుక్క రక్తమే.

ఫ్లూరలనర్, అఫాక్సొలనర్ లాంటి నమిలే మాత్రలు వీటికి బాగా పనిచేస్తాయి. మూర్ఛ వచ్చే కుక్క అయితే ముందే చెప్పండి. ఇంట్లో ఉన్న కుక్కలూ పిల్లులూ అన్నిటికీ ఒకేసారి వైద్యం చెయ్యాలి, గుడ్లు ఇంట్లోనే ఉంటాయి కాబట్టి నెలల పాటు మానకూడదు. కుక్క మందు పిల్లికి పూయొద్దు. పెర్మెత్రిన్ ఉంటే పిల్లి చచ్చిపోతుంది.

వేపనూనె, కిరోసిన్, ఇంజిన్ ఆయిల్ రాయమంటున్నారు.

కిరోసిన్, ఇంజిన్ ఆయిల్ చర్మాన్ని కాలుస్తాయి, నాకితే లోపలికి పోతాయి. దయచేసి రాయకండి. వేపనూనె కూడా పుండు మీద మండుతుంది. మెడికల్ షాపులో ఇచ్చే నాలుగైదు మందులు కలిపిన మనుషుల ట్యూబులో బలమైన స్టెరాయిడ్ ఉంటుంది, కుక్క దాన్ని నాకేస్తుంది. ఇక గజ్జికని ఐవర్‌మెక్టిన్ సూది ఎవరు పడితే వాళ్ళు పొడిచేస్తుంటారు. కోలీ జాతి, దాని సంకరాల్లో అది మెదడుకి ఎక్కి ప్రాణం తీయగలదు.

స్నానం ఎన్నాళ్ళకోసారి?

దురద కుక్కకి వారానికోసారి, చల్లటి లేదా గోరువెచ్చటి నీళ్ళతో. మన సబ్బు వద్దు, కుక్క చర్మం మన చర్మం కంటే పలచన, దాని పీహెచ్, అంటే ఆమ్ల-క్షార గుణం, వేరు. ఇన్ఫెక్షన్ ఉంటే క్లోర్‌హెక్సిడిన్ షాంపూ పూసి పది నిమిషాలు ఉంచి కడగాలి. గడియారం చూసుకోండి, మనకి పది నిమిషాలనిపించేది నిజానికి మూడే ఉంటుంది. తరువాత వేళ్ళ సందులు, చంకలు బాగా ఆరాలి.

పిల్లలకి అంటుకుంటుందా?

ఎలర్జీ అంటదు. గజ్జి అయితే కొన్నాళ్ళు మనుషులకీ దద్దుర్లు తెప్పిస్తుంది, కుక్కకి నయమైతే మనకీ తగ్గుతుంది.

మా వీధిలో ఒళ్ళంతా ఊడిపోయిన కుక్క ఉంది. దగ్గరికి రానివ్వడం లేదు. ఏమైనా చెయ్యగలమా?

చెయ్యగలం, చాలా చెయ్యగలం. వీధి కుక్కల్లో అలాంటి స్థితికి ఎక్కువగా కారణం పురుగులే, అది నయమయ్యేది. పట్టుకోనక్కర్లేదు. బరువు అంచనా వేయడానికి ఒక ఫొటో తీసి పశువైద్యుడికి చూపించండి. సరైన మాత్రని ఒక ముద్దలో పెట్టి తినిపిస్తే చాలు. కొన్ని వారాల్లో వెంట్రుక మొలుస్తుంది. "గజ్జికుక్క" అని రాళ్ళు విసిరిన వీధిలోనే అదే కుక్క తోక ఊపుతూ తిరగడం నేను చూశాను.

రక్తపరీక్షతో ఎలర్జీ తెలిసిపోతుందా?

జబ్బు పేరు తేల్చేది రక్తపరీక్ష కాదు. పురుగులు, ఇన్ఫెక్షన్, తిండి, ఇవి ఒక్కొక్కటీ తీసేసుకుంటూ పోతే మిగిలేది అటోపీ. ఐజీఈ పరీక్ష, చర్మ పరీక్ష ఉపయోగపడేది ఆ తరువాత, ఎలర్జీ టీకాలో ఏమేం కలపాలో నిర్ణయించడానికి. ఆ టీకాలో అదే దుమ్ముని అతి కొద్దిగా మొదలుపెట్టి పెంచుకుంటూ ఇస్తారు, టీ కణాలకి మళ్ళీ ఓర్పు నేర్పడానికి. ఫలితం తేలడానికి ఏడాది దాకా పడుతుంది, అన్ని కుక్కల్లోనూ పనిచేయదు. కానీ కబురుని మధ్యలో ఆపడం కాకుండా కబురు పుట్టడాన్నే తగ్గించే వైద్యం ఇదొక్కటే.

పూర్తిగా నయమవుతుందా?

అటోపీ అయితే బతికినంతకాలం ఉంటుంది. అదుపులో పెట్టవచ్చు. ఇది వంశంలో వచ్చే గుణం కూడా, అందుకని అలాంటి కుక్కతో పిల్లలు పెట్టించకండి. లాబ్రడార్, జర్మన్ షెపర్డ్, పగ్, షిట్‌జూ కూనని కొనేముందు తల్లి పాదాలు, చెవులు చూడండి.

డాక్టరు దగ్గరికి వచ్చేటప్పుడు ఏం తీసుకురావాలి?

ఇంతకుముందు వాడిన మందుల సీసాలు, మాత్రల రేపర్లు, సూది పేరు రాసిన చీటీ. పేరు తెలియకపోతే ఏ తేదీన పడిందో, ఎన్నాళ్ళు తగ్గిందో. ఏం తింటోందో, దొంగతనంగా తినేవి కూడా. దురద ఏ నెలలో మొదలైంది, ఏ చోట మొదలైంది. రాత్రి గోక్కుంటున్నప్పుడు ఫోన్లో తీసిన వీడియో ఉంటే చాలా మంచిది. క్లినిక్‌లోకి రాగానే భయానికి కుక్క గోకడం మానేస్తుంది. వచ్చే ముందు రోజు స్నానం చేయించకండి, చెవులు శుభ్రం చేయకండి. చెవిలోని ఆ మురికినే నేను గాజు పలక మీద రాసి మైక్రోస్కోపు కింద చూడాలి.